సర్వేయరు నాన్నతో మాలం బాటల్లో నాలుగు రోజులు

మా నాన్నగారు ముప్ఫై నాలుగేళ్ళు భూములు కొలిచి, మండల సర్వేయరుగా పదవీ విరమణ చేశారు. మా ఊరు నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల దగ్గర, బెలుం గుహలకు అట్టే దూరం లేని నాపరాతి నేల మీద ఉంది. ఇంటి గోడకూ, గచ్చుకూ, పశువుల గాడికీ, చివరకు పొలం గట్టుకూ ఆ రాయే వాడే ఊరి మనిషి కాబట్టి, ఇంగ్లండులో నేను ఉద్యోగం చేసే లీడ్స్‌కు ఆయన మొదటిసారి వచ్చినప్పుడు ఏ కోటనో మ్యూజియాన్నో చూపించడం కంటే, సున్నపురాతి కొండల నడుమ ఉన్న ఒక పల్లెకు తీసుకుపోయి నడిపించడమే మేలనిపించింది. ఉత్తర యార్క్‌షైర్‌లోని మాలం సరిగ్గా అటువంటి పల్లె. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మా పిల్లవాడికి తోడుగా లీడ్స్‌లోనే ఉండిపోయింది. మే నెల రెండో వారంలో ఒక శుక్రవారం ఉదయం, చిత్రాన్నం డబ్బాలు రెండు, వేరుశనగ పొడి ఒక సీసా, గొడుగులు, జోళ్ళు సర్దుకుని నేనూ ఆయనా బయలుదేరాం.

మొదటి రోజు

లీడ్స్ నుంచి స్కిప్టన్ వరకు రైలులో ముప్పావు గంట పట్టింది. అక్కడి నుంచి మాలంకు పద్ధెనిమిది కిలోమీటర్ల దారి ఉంది కానీ, ఆ దారిన పోయే బస్సులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను ఆదివారపు వేళలను శుక్రవారపు వేళలనుకుని చదివిన కారణంగా ఉన్న ఒక్క బస్సూ మా కళ్ళ ముందే తప్పిపోయింది. టాక్సీ వచ్చేలోగా నాన్నగారు స్కిప్టన్ బజారులో ఒక పుస్తకాల దుకాణానికి వెళ్ళి, ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ పటం ఒకటి, ఓఎల్ 2 అనే సంఖ్య కలది, కొనిపించుకున్నారు. అది 1:25,000 కొలతలో, అంటే నేల మీది కిలోమీటరుకు కాగితం మీద నాలుగు సెంటీమీటర్ల లెక్కన గీసిన పటం. టాక్సీలో ఆయన కిటికీ బయటకు చూసింది తక్కువ, మోకాళ్ళ మీద పరిచిన ఆ పటాన్ని చూసింది ఎక్కువ. పొట్టి పచ్చ గీతలు వరుసగా ఉంటే అది కాలిబాట అనీ, పొడుగు గీతలైతే గుర్రాలూ సైకిళ్ళూ కూడా పోదగిన బాట అనీ పట్టిక చూసి తెలుసుకున్న తరువాత, ఆయన తలెత్తి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ గీతలన్నీ పట్టా పొలాల్లోంచే పోతున్నాయి గదమ్మా. పొలం ఆసామి ఊరుకుంటాడా?"

ఊరుకోక తప్పదని చెప్పాను. ఈ దేశంలో 1949లో వచ్చిన జాతీయ ఉద్యానవనాల చట్టం కింద, ప్రతి కౌంటీ తన పరిధిలోని ప్రజల దారులన్నిటినీ ఒక అధికారిక పటంలోకి ఎక్కించవలసి వచ్చింది. ఆ పటంలో ఉన్న దారి ఎవరి పొలంలో ఉన్నా దాని మీద నడిచే హక్కు అందరికీ ఉంటుంది. పటంలో లేని దారి అయినా సరే, జనం ఇరవై ఏళ్ళపాటు ఎవరి అనుమతీ అడగకుండా, దొంగచాటుగా కాక, బాహాటంగా నడిచారని రుజువైతే, దాన్ని ప్రజల దారిగానే భావించాలని 1980 నాటి హైవేల చట్టం చెబుతుంది. ఇంగ్లండ్, వేల్స్ రెండింటిలో కలిపి ఇటువంటి దారుల పొడుగు సుమారు 2,25,000 కిలోమీటర్లు. నాన్నగారు ఇదంతా విని ఏమీ అనకుండా కళ్ళజోడు తుడుచుకున్నారు.

మాలం రెండు వందల పైచిలుకు జనం ఉండే చిన్న ఊరు. బూడిద రంగు రాతి ఇళ్ళు, రెండు పబ్బులు, ఊరి నడుమగా పారే ఒక వాగు, ఆ వాగు మీద దిమ్మెల మీద పొడుగాటి రాతి పలకలు పరిచి కట్టిన పాత వంతెన, ఇంతే ఊరు. మేము దిగిన ఇంటి యజమానురాలు గుమ్మంలోనే బూట్లు విప్పించి, బురద పట్టని చెప్పులు ఇచ్చి, టీ పెట్టింది. సాయంత్రం ఆరు దాటినా ఎండ ఇంకా మూడు గంటలు ఉంటుందన్న ధైర్యంతో, ఊరికి ఒక కిలోమీటరు పైన ఉన్న మాలం కోవ్ వరకు నడిచాం.

ఆ బాటకు అటూ ఇటూ ఉన్న పచ్చిక వాలుల మీద ఏటవాలు ఎండ పడి, మెట్లు మెట్లుగా సన్నని నీడలు లేచాయి. ఎంతో కాలం కిందట నాగళ్ళతో దున్నిన పొలాల గట్లు అవి. ఇప్పుడు గొర్రెలు మేసే గడ్డి కింద అణిగిపోయినా, పొద్దు వాలినప్పుడు మాత్రం బయటపడతాయి. నేను ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళాను గానీ ఒక్కసారీ గమనించలేదు. నాన్నగారు మాత్రం గేటు దాటగానే నిలబడి, చేతికర్రను చాచి, "ఇది మడిచెక్క, అది మడిచెక్క, అదిగో వాటి మధ్య గట్టు" అని ఒక్కొక్కటే చూపించారు.

కోవ్ అన్నది ఎనభై మీటర్ల ఎత్తూ, మూడు వందల మీటర్ల వెడల్పూ ఉన్న సున్నపురాతి కొండగోడ. విల్లులా వంగిన ఆ గోడ ఎదుట నిలబడితే మాట కూడా తిరిగి వినిపిస్తుంది. మంచు యుగం చివర కరిగిన నీళ్ళు ఈ గోడ మీది నుంచి జలపాతంగా దూకేవి. ఆ తరువాత నీరంతా రాతి చీలికల్లోకి దిగిపోయి, పైనుంచి పడటం ఆగిపోయింది. 2015 డిసెంబరు 6న, డెస్మండ్ తుఫాను కుండపోతగా కురిసిన మరునాడు, కొన్ని గంటలపాటు ఇక్కడ మళ్ళీ జలపాతం దూకితే, బతికి ఉన్నవారెవరూ అంతకు ముందు ఆ దృశ్యం చూడలేదన్నారు. ఇప్పుడు గోడ అడుగున, చేయి దూరేంత చీలికలోంచి, చప్పుడు లేకుండా ఒక వాగు పుట్టి వస్తుంది. నాన్నగారు వంగి ఆ నీళ్ళలో చేయి పెట్టి, "మన బెలుంలో పాతాళగంగ లోపలికి పోతుంది, ఇక్కడ బయటికి వస్తోంది" అన్నారు. బెలుం గుహలో లోపలికి లోపలికి దిగితే, అడుగున కనిపించే నీటి పాయ అదే కదా. ఆ నీరు ఎటు పోతుందోనని ఆయన చిన్నప్పటి నుంచీ ఆలోచిస్తూ ఉన్నవాడు.

గోడ మధ్యలో ఒక అర మీద భైరి డేగల గూడు ఉంది. ముక్కు నేలకు పెట్టి మునిగితే గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటే పక్షి. మేము చూస్తున్నంతసేపూ ఒకటి అక్కడే కూర్చుని ఈకలు దువ్వుకుంది తప్ప ఒక్కసారీ ఎగరలేదు.

రెండో రోజు

ఈ రోజు నడక పదమూడు కిలోమీటర్లు. మాలం వచ్చినవారందరూ నడిచే చుట్టుదారి ఇదే. ఉదయం తొమ్మిదికి బయలుదేరి, ఊరి వెనుక వాగు వెంబడి, గోర్డేల్ వైపు నడిచాం. తూర్పున కిలోమీటరున్నర పోయాక చెట్ల గుబురులో జానెట్స్ ఫాస్ అనే చిన్న జలపాతం ఉంది. ఫాస్ అంటే జలపాతం, వెయ్యేళ్ళ కిందట ఇక్కడ స్థిరపడిన నార్స్ జనం మాట. ఈ జలపాతం వెనుక ఉన్న గుహలో జానెట్ అనే యక్షిణి ఉంటుందని ఊరి నమ్మిక. దాని కింది గుండంలో ఒకప్పుడు గొర్రెలను, ఉన్ని కత్తిరించే ముందు, దింపి కడిగేవారు. చుట్టూ అడవి వెల్లుల్లి నేల కనిపించకుండా తెల్లగా పూసి ఉంది. మా తాళింపు వాసన ఇంతటి అడవిలో తగలడం నాన్నగారికి వింతగా తోచి, ఒక ఆకు తుంచి నమిలి, "ఉల్లాకుకు తమ్ముడు" అన్నారు.

జలపాతం పడే రాతి మీద నురుగు గడ్డకట్టినట్లు ఒక పొర పేరుకుని ఉంటుంది. సున్నం కరిగిన నీళ్ళు నాచు మీదుగా పారుతూ దింపిన మెత్తని రాయి అది, టూఫా అంటారు. గుహలో బొట్లు బొట్లుగా దిగి స్తంభాలయ్యే సరుకు ఇదేనని ఆయనకు విడమర్చి చెప్పవలసిన అవసరం రాలేదు.

అక్కడి నుంచి గోర్డేల్ స్కార్ దగ్గర. మలుపు తిరిగేదాకా అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. తిరగగానే, నూరు మీటర్లకు పైగా ఎత్తున్న రెండు కొండగోడలు ఒకదానిపై ఒకటి వాలుతున్నట్లు లేచి, సందులో రెండు జలపాతాలు కనిపిస్తాయి. బాట ఆ కింది జలపాతం పక్కనే రాళ్ళు పట్టుకుని ఎక్కి పైకి పోతుంది. కుర్రవాళ్ళు ఎక్కుతున్నారు. అరవై ఆరేళ్ళ మనిషిని తడి రాతి మీద ఎక్కించే ధైర్యం నాకు లేదు, ఆయనకు మాత్రం కొంచెం ఉన్నట్లు కనిపించింది. చివరకు ఇద్దరం వెనుదిరిగి, గోర్డేల్ వంతెన దగ్గరి నుంచి పొలాలకు అడ్డంగా కోవ్ తలమీదికి పోయే కాలిబాట పట్టుకున్నాం.

ఆ అడ్డబాటలోనే నాన్నగారికి అసలు పండగ. ఇక్కడి గోడలు సిమెంటు గానీ మట్టి గానీ తగలని పేర్పుడు గోడలు. రెండు వైపులా రెండు వరుసలుగా రాళ్ళు పేర్చి, నడుమ చిల్లరాళ్ళు కూరి, పైకి పోయే కొద్దీ వెడల్పు తగ్గిస్తూ, అక్కడక్కడ గోడకు అడ్డంగా ఆ పక్క నుంచి ఈ పక్కకు పొడుచుకు వచ్చే కట్టురాళ్ళు వేసి, చివర మదురుగా నిలువు రాళ్ళు పెడతారు. మనిషి దాటడానికి ఈ గోడల్లో చేసిన ఏర్పాట్లను స్టైల్ అంటారు. కొన్నిచోట్ల ఆ కట్టురాళ్ళే ఇంకొంచెం బయటికి వచ్చి మెట్లవుతాయి. కొన్నిచోట్ల మోకాలి దగ్గర ఇరుకుగా, నడుము దగ్గర వెడల్పుగా ఒక సందు వదులుతారు. అందులోంచి మనిషి ఒక్క కాలు తరువాత ఒక్క కాలు పెట్టి దూరిపోతాడు, గొర్రె దూరలేదు. నాన్నగారు అటువంటి సందు దగ్గర ఆగి, తన జేబులోని టేపు తీసి కొలిచారు. మోకాలి ఎత్తులో సందు వెడల్పు ఎనిమిది అంగుళాలు. "గొర్రెను బట్టి కట్టిన లెక్క ఇది" అని ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఆ టేపు ఆయన వెంట తెచ్చుకున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఈ గోడల్లో చాలా భాగం పద్ధెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో లేచినవి. అంతకు ముందు ఊరుమ్మడిగా పశువులు మేపుకున్న బీళ్ళను, పార్లమెంటు చట్టాలతో విడగొట్టి ఆసాములకు పంచినప్పుడు, ఎవరి వంతు చుట్టూ వారు గోడ కట్టుకోవాలన్నది షరతు. చాలామంది బీదవారు ఆవు మేపుకునే చోటు అలా పోగొట్టుకున్నారు. టూరిస్టు కరపత్రాలు ఈ గోడలను అందమైన వారసత్వంగా మాత్రమే చెప్పడం నాకు ఎప్పుడూ కొరతగానే తోస్తుంది. ఇది చెప్పాక నాన్నగారు కాసేపు ఆలోచించి, "అంటే మేత బీడు పోయింది, దారి ఒక్కటి మిగిలింది" అన్నారు. "మాకు బీడూ పోయింది, రస్తా కూడా పోయింది."

ఆయన చెబుతున్న రస్తా కథ నేను చిన్నప్పటి నుంచి విన్నదే, అయినా మళ్ళీ విన్నాను. మా ఊరి నుంచి మా అమ్మమ్మ గారి ఊరికి పొలాల మీదుగా ఒక బండ్ల రస్తా ఉండేది. గ్రామ పటంలో జంట చుక్కల గీతగా స్పష్టంగా ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో గొలుసు పట్టి కొలిచినప్పుడు, రెండు ఎద్దుల బండ్లు ఎదురెదురుగా తప్పుకునేంత వెడల్పు ఉండేదట. ట్రాక్టర్లు వచ్చి, తారు రోడ్డు పడ్డాక, ఆ రస్తా మీద నడిచేవారు తగ్గారు. ఈ పక్క ఆసామి ఒక చాలు, ఆ పక్క ఆసామి ఒక చాలు కలుపుకుంటూ పోగా, ఇప్పుడు అది పటంలో తప్ప నేల మీద లేదు. కోర్టుకు పోతే గెలిచే కేసే, కానీ పోయేవారు ఎవరు? మన కోస్తాలో డొంకలు, గోదావరి జిల్లాల్లో పుంతలు ఎన్నో ఇలాగే సన్నబడ్డాయని ఆయన అన్నారు.

కోవ్ తలమీదికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి నేల వర్ణించడం కష్టం. ఇంటి ముందు పరిచిన నాపబండల్లాంటి చదును రాళ్ళు కొన్ని వందలు, పక్కపక్కనే, వాటి నడుమ మనిషి కాలు దిగబడేంత లోతు చీలికలు. బండను క్లింట్ అనీ, చీలికను గ్రైక్ అనీ ఇక్కడివారి మాట. మంచు పలకలు పైమట్టిని గీకి ఎత్తుకుపోగా తేలిన రాతిని, వేల ఏళ్ళ వాన నీరు సందులు సందులుగా కరిగించింది. గ్రైక్ లోపలికి తొంగి చూస్తే పైన గాలిలో బతకలేని సుకుమారపు మొక్కలు, నాలుకలా పొడుగాటి ఆకుల ఫెర్నులు, నీడలో పచ్చగా ఉన్నాయి. నడిచేవారి బూట్లకు నునుపెక్కిన బండ మీద నాన్నగారి కాలు ఒకసారి జారింది. నేను పట్టుకోబోయేలోపే, బండ అంచును చేత్తో పట్టుకుని కూర్చుండిపోయి, "బేతంచెర్ల పాలిషు" అని నవ్వారు. దెబ్బ తగలలేదు గానీ ఆ తరువాత చేతికర్ర లేకుండా అడుగు వేయలేదు.

మా వైపు ఈ రాయిని పలకలు పలకలుగా తవ్వి, పాలిషు చేసి, లారీల్లో పంపుతారు, ఎన్నో కుటుంబాలకు అదే కూడు. ఇక్కడ కూడా ఒకప్పుడు ఈ బండలను పెకలించి ఊళ్ళలో తోటలు అలంకరించుకోవడానికి అమ్ముకునేవారు. 1981 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక, రక్షణ ఉత్తర్వు పడిన చోట ఒక్క రాయి కదిలించినా నేరం. నాన్నగారు ఒక బండ మీద పిడికిలితో కొట్టి, చప్పుడు విని, మా ఊరి రాయి కంటే ఇది మెత్తన అని తీర్పు చెప్పారు. అక్కడే చిత్రాన్నం తిన్నాం.

కోవ్ తల నుంచి ఉత్తరానికి ఎండిన లోయ ఒకటి ఉంటుంది. నీరు చెక్కిన లోయలో ఒక్క చుక్క నీరు లేకపోవడం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మంచు యుగంలో నేల లోపలిదాకా గడ్డకట్టి ఉన్నప్పుడు నీరు ఇంకలేక పైనే పారి లోయను చెక్కింది. మంచు విడిచాక నీరు చీలికల్లోకి దిగింది. ఈ లోయ గుండానే పెన్నైన్ వే పోతుంది. డెర్బీషైర్‌లోని ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాటి కిర్క్ యెత్తోమ్ వరకు 431 కిలోమీటర్ల ఈ బాటను, టామ్ స్టీఫెన్సన్ అనే పాత్రికేయుడు 1935లో ప్రతిపాదిస్తే, ముప్ఫై ఏళ్ళ పోరాటం తరువాత 1965 ఏప్రిల్ 24న ఈ మాలం బయళ్ళ మీదనే ప్రారంభించారు. ఆ తేదీకి ఒక లెక్క ఉంది. 1932లో అదే ఏప్రిల్ 24న, దక్షిణాన కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి, వేటగాళ్ళకు తప్ప ఇతరులకు ప్రవేశం లేని నేల మీదికి, వందలాది కార్మికులు గుంపుగా ఎక్కారు. అయిదుగురికి జైలు శిక్ష పడింది. పటంలోని ఈ పచ్చ గీతల వెనుక జైలుకు పోయినవారు ఉన్నారని విన్నప్పుడు, నాన్నగారు పటాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, ఎన్ని నెలలు వేశారని మాత్రం అడిగారు. రెండు నుంచి ఆరు నెలలు.

లోయ చివర వాటర్ సింక్స్ అనే చోట, పైనున్న మాలం టార్న్ చెరువు నుంచి వచ్చే వాగు, రాళ్ళ మధ్య మెల్లగా సన్నబడి, చూస్తుండగానే మాయమవుతుంది. గుండం లేదు, సుడి లేదు. అడుగు ముందుకు వేస్తే నీళ్ళున్న చోట గులకరాళ్ళే. చెరువు నిలవడానికి కారణం దాని అడుగున ఉన్న పలకరాతి పొర నీటిని దిగనివ్వకపోవడం. ఆ పొర ముగిసి సున్నపురాయి మొదలైన చోట నీరు కిందికి పోతుంది. సముద్ర మట్టానికి 377 మీటర్ల ఎత్తున, గాలికి చిన్న చిన్న అలలు లేస్తున్న చెరువు గట్టు వరకు వెళ్ళి, చలికి తట్టుకోలేక ఫ్లాస్కులోని టీ తాగి, వెనుదిరిగాం. తీతువు పిట్టల వంటి ల్యాప్‌వింగులు నెత్తి మీద అరుస్తూ తిరిగాయి. మన దగ్గర తీతువు కూస్తే అపశకునమని ఆయన అనబోయి, గుడ్లు దగ్గరలో ఉండి ఉంటాయని సర్దుకున్నారు. కోవ్ పక్క నుంచి దిగే నాలుగు వందల మెట్లు దిగి ఇల్లు చేరేసరికి ఏడున్నర.

మూడో రోజు

పొద్దున్నే వాన. సన్నని, ఆగని, గొడుగు కింద కూడా తడిపే వాన. మధ్యాహ్నం దాకా ఆగి, తెరిపి ఇచ్చాక, దక్షిణానికి ఏర్ నది వెంబడి ఎయిర్టన్ వరకు పోయి కిర్క్‌బీ మాలం మీదుగా వెనక్కి వచ్చే పది కిలోమీటర్ల సులువైన బాట పట్టాం.

ఊరు దాటిన అయిదు నిమిషాల్లోనే, పచ్చికలోంచి నీరు ఉబికి వచ్చే చోటు ఒకటి ఉంటుంది, ఏర్ హెడ్ అంటారు. నిన్న వాటర్ సింక్స్ దగ్గర మునిగిన నీరు తేలేది ఇక్కడే. కోవ్ అడుగున పుట్టే వాగు దానిది కాదు. అది పడమట ఇంకొక చోట, పాత సీసపు కొలిమి దగ్గర దిగిన నీరు. నీటిలో రంగు కలిపి వదిలి, ఏ రంగు ఎక్కడ తేలుతుందో కాచుకుని చూస్తే బయటపడిన సంగతి ఇది. రెండు వాగులూ భూమి లోపల ఒకదానినొకటి దాటుకుని పోతాయన్నమాట. నాన్నగారు ఆ ఊట దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బెలుంలో కూడా ఎవరైనా ఇలా రంగు వేసి చూస్తే బాగుండునని ఆయన ఆశ.

హాన్లిత్ దాటాక ఒక పొలంలో దూడలతో ఆవుల మంద బాట మీదనే పడుకుని ఉంది. మందలో ఒక ఆబోతు కూడా ఉంది. పాడి జాతుల ఆబోతును బాట ఉన్న పొలంలో వదలడం చట్టం ఒప్పుకోదు. మాంసపు జాతులదైతే ఆవులతో కలిపి ఉంచవచ్చు. ఆ సమయంలో మాకు జాతి నిర్ణయించే ఓపిక లేదు. దూడ ఉన్న ఆవు దగ్గరికి పోకూడదని ఎవరూ చెప్పనక్కరలేని నాన్నగారు, నన్ను వెనుక పెట్టుకుని, గోడ వారగా పెద్ద చుట్టు తిప్పి, "హో, హో" అని మా ఊరి అదిలింపుతోనే దాటించారు. ఆవులు తల తిప్పి చూశాయి గానీ లేవలేదు. తీరా చూస్తే గేటు దాకా బురద, నా ఎడమ బూటు అందులో ఉండిపోయి, తడి మేజోడుతో ఒంటికాలి మీద నిలబడి దాన్ని పెరికి తీసుకోవలసి వచ్చింది.

ఎయిర్టన్ ఊరి నడుమ పచ్చిక బయలు ఉంది, మన గ్రామకంఠం లాంటిది. ఆ బయలు మధ్యలో ఒంటరిగా ఒక పాత ఇల్లు. దాని పేరే ఆక్రమణదారు ఇల్లు. ఉమ్మడి నేల మీద రాత్రికి రాత్రి ఇల్లు లేపి, తెల్లవారేసరికి పొయ్యి పొగ గొట్టంలోంచి పైకి పంపగలిగితే, ఇక వాణ్ణి లేపడానికి లేదని ఈ దేశంలో పూర్వం నమ్మేవారు. ఉద్యోగమంతా పోరంబోకు ఆక్రమణలకు నోటీసులు సిద్ధం చేసిన మనిషిని ఆ ఇంటి ముందు ఫోటో తీశాను. ఇన్నేళ్ళకు ఒక ఆక్రమణను మెచ్చుకుంటూ ఆయన నిలబడటం ఇదే మొదలు. దారిలోనే ఆయన ఇంకొక సంగతి చెప్పారు. ఆయన చేతిలో పెరిగిన గొలుసు కూడా ఈ దేశపుదే. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషాయన 1620 ప్రాంతంలో తీర్చిన అరవై ఆరు అడుగుల, నూరు లింకుల గొలుసు. మన ఎకరాలు, సెంట్లు అన్నీ ఆ గొలుసుతోనే కొలిచేవారు. క్రికెట్ పిచ్ పొడుగు కూడా సరిగ్గా ఒక గొలుసు.

నాలుగో రోజు

చివరి రోజు వెనక్కి స్కిప్టన్ పోకుండా, పడమటికి కొండ దాటి సెటిల్ పట్టణానికి నడిచి, అక్కడ రైలు ఎక్కాలని అనుకున్నాం. పది కిలోమీటర్లే గానీ మొదటి మూడూ నిలువు ఎక్కుడు. పైక్‌డా కొండ వాలులో పద్ధెనిమిదో శతాబ్ది చివర జింకు ఖనిజం తవ్విన గోతులు కనిపించాయి. ఇత్తడి పోతకు ఇక్కడి సరుకు పోయేది. మేఘం కిందికి దిగి, ఇరవై గజాల అవతల గోడ కూడా మసకైంది. నాన్నగారు పటాన్ని తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, గోడ ఎటు మళ్ళితే అటు పటంలో వేలు జరుపుతూ ముందు నడిచారు. వెనుక నడిచిన నాకు ఆ గంటసేపూ ఫోన్ తీయవలసిన పని పడలేదు.

అయిదు వందల మీటర్ల ఎత్తున, గోడలో ఇరికించి నిలబెట్టిన పాత శిలువ మొండెం ఒకటి ఎదురైంది. మధ్యయుగంలో ఈ కొండలు ఫౌంటెన్స్ మఠం సన్యాసుల గొర్రెల బీళ్ళు. దారి తప్పకుండా గుర్తుగా నిలిపిన రాళ్ళలో ఇది ఒకటి. పటంలో దాని పేరు నప్పా క్రాస్ అని ఉంది. "నాప కాదు, నప్ప" అని నేను ఎంత చెప్పినా నాన్నగారు దాన్ని నాపరాయి అనే పిలిచారు. సర్వే రాయికి చేసినట్టే దాని నెత్తి మీద చేయి వేసి, ఫోటోకు నిలబడ్డారు.

దిగుడులో మబ్బు విడిపోయి, అటర్‌మైర్ స్కార్ తెల్లని కొండకొమ్ములు బయటపడ్డాయి. అక్కడి నుంచి కొంచెం పక్కకు పోతే విక్టోరియా గుహ ఉంటుంది. రాణి విక్టోరియా గద్దెనెక్కిన రోజుల్లో బయటపడింది కాబట్టి ఆ పేరు. అందులో నీటి ఏనుగు, ఖడ్గమృగం, ఏనుగు, చారల్లేని మచ్చల హైనా ఎముకలు దొరికాయి. 1,30,000 ఏళ్ళ కిందట యార్క్‌షైర్ అంత వెచ్చగా ఉండేది. రాళ్ళు ఊడిపడే ప్రమాదం ఉండటంతో లోపలికి పోనివ్వరు. గుమ్మంలోనే కూర్చుని మిగిలిన చిత్రాన్నం, అప్పటికే పులిసిన వాసన వేస్తున్నది, వేరుశనగ పొడి అద్దుకుని తినేశాం.

సెటిల్ స్టేషనులో రైలుకు గంట వ్యవధి ఉంది. నాన్నగారు బెంచీ మీద పటం పరిచి, నాలుగు రోజులు నడిచిన గీతల మీద పెన్సిలుతో సన్నగా గీత గీసుకున్నారు. తరువాత తన చిన్న పుస్తకంలో ఒక కొత్త పేజీ తెరిచి, జంట చుక్కల గీత ఒకటి మొదలుపెట్టారు. అది ఎక్కడి దారో నేను అడగలేదు. చింతచెట్టు, రెండు బావులు, ఒక రాతి కట్ట వేశాక, వంక దగ్గరికి వచ్చి పెన్సిల్ ఆగింది. లీడ్స్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేశారు.

"మీ ఊరి రస్తాలో వంక దగ్గర కల్వర్టు ఉండేదా, ఊరికే దిగి దాటేవాళ్ళమా?"

అమ్మ, బట్టలు తడిశాయా లేదా అని ముందు అడిగి, ఆ తరువాత చెప్పింది. కల్వర్టు లేదు. నాపబండలు మూడు, దిమ్మెల మీద పరిచి ఉండేవి. నడిమిది పగిలి ఉండేది. సద్ది మోసుకుపోయేటప్పుడు దాని మీద కాలు పెట్టకుండా దూకేది.

నాన్నగారు మూడు అడ్డగీతలు గీసి, నడిమి దానిని రెండు ముక్కలుగా దిద్దారు.